ఆకురాలే కాలానికి ఇంటిని ఎలా ముస్తాబు చేసుకోవాలి: ఏరుకొచ్చిన ఆకులు వారానికే పొడైపోకుండా

బయట చెట్లు పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లోకి తిరగగానే ఇల్లంతా మార్చేయాలనిపిస్తుంది. ఒక సంచీడు ఆకులు ఏరుకొచ్చి బల్ల మీద పరిచేస్తాం, ఆ సాయంత్రానికి చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. మూడో రోజుకి అవే ఆకులు అంచులు ముడుచుకుని, మట్టిరంగుకి తిరిగి, చెయ్యి తగిలితే చాలు పొడిపొడిగా రాలిపోతుంటాయి. నాలుగో రోజు చీపురు పట్టుకుంటాం. మొదటి రెండేళ్ళూ నా ఇంట్లో జరిగింది ఇదే. అందుకే ఇప్పుడు ఎవరడిగినా ముందు చెప్పే మాట ఒకటే: ఈ కాలపు అలంకరణలో సగం పని ఆరబెట్టడం, తెచ్చినదాన్ని నిలవ చేయడం. మిగతా సగం వెలుతురు. ఈ రెండూ కుదిరితే ఎక్కడ ఏం పెట్టినా అందంగానే ఉంటుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి అంటే, ఉత్తరార్ధగోళంలో ఈ కాలం సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, దక్షిణార్ధగోళంలో మార్చి నుంచి మే దాకా. తెలుగులో దీన్ని శరదృతువు అంటున్నాం గానీ ఆకులు రాలడం అనగానే మనకి తట్టేది శిశిరం, కాబట్టి పేరు పట్టుకుని తేదీ చూసుకోకండి. మీరున్న చోట చెట్టు మీద మొదటి పండుటాకు కనిపించిన రోజే మొదటి రోజు.

1. ముందు ఖాళీ చేయండి

ఏదీ తేవద్దు, ముందు తీయండి. వేసవి కోసం పెట్టిన పల్చటి తెల్ల కవర్లు, లేత నీలం సామాన్లు, ప్లాస్టిక్ పూలు, అలమర మీద ఎప్పటినుంచో ఉన్న చిన్నాచితకా బొమ్మలు అన్నీ ఒక అట్టపెట్టెలో సర్దేయండి. ఈ కాలపు వస్తువులన్నీ గరుకుగా, ముదురు రంగులో, కాస్త చిందరవందరగా ఉంటాయి, వాటి చుట్టూ ఖాళీ లేకపోతే అలంకరణలా కాకుండా చెత్తలా కనిపిస్తాయి. ఇదే అదనుగా కిటికీ అద్దాలు లోపలా బయటా తుడిచేయండి. ఈ నెలల్లో సూర్యుడు కిందుగా ఉంటాడు, ఎండ ఏటవాలుగా గది లోపలిదాకా వస్తుంది, అద్దం మీద ఉన్న ప్రతి మరకా ఆ ఎండలో కనిపిస్తుంది.

2. రంగులు ఒక్క ఆకులోంచి తీసుకోండి

రంగుల దగ్గర చాలామంది టెన్షన్ పడతారు, నారింజ కొనాలా మెరూన్ కొనాలా అని. నేను చేసే పని చెప్తాను. బయటికెళ్ళి మీకు బాగా నచ్చిన ఆకు ఒక్కటి తెచ్చుకోండి. దాన్ని కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఒక నిమిషం చూడండి. ఎర్రగా ఉందనుకుని తెచ్చిన ఆకులో ఈనెల వెంబడి ఇంకా పచ్చదనం ఉంటుంది, అంచున వంకాయరంగు ఉంటుంది, మధ్యలో ఎక్కడో తేనెరంగు మచ్చ ఉంటుంది. అందులోంచి మూడు రంగులు ఎంచుకోండి. అన్నిటికంటే నెమ్మదైన రంగు పెద్ద వాటికి, అంటే దుప్పటికో కర్టెన్‌కో. రెండోది కుషన్ కవర్లకి. అన్నిటికంటే గాఢమైన రంగు చిన్నవాటికి మాత్రమే, ఒక గిన్నెకో, రిబ్బనుకో. చెట్టు మీద పక్కపక్కనే ఉన్న రంగులు కాబట్టి ఇంట్లోనూ కొట్టుకోవు. ఆ ఆకుని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే షాపులో ఉపయోగపడుతుంది, ఆకు ఎలాగూ వాడిపోతుంది.

బట్టల విషయంలో రంగు కంటే నేత ముఖ్యం. ఊలు, కార్డురాయ్, వెల్వెట్, మందపాటి నూలు, ఏదైనా సరే వేళ్ళకి తగలాలి. అన్నీ కొత్తవి కొనక్కర్లేదు, సోఫా చేతి మీద ఒక మందపాటి దుప్పటి మడిచి వేసి రెండు కవర్లు మారిస్తే చాలు.

3. ఆకులు: ఎక్కువ ఓపిక ఇక్కడే పెట్టండి

పద్ధతులకి ముందు, ఆకు రంగు ఎందుకు మారుతుందో రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే ఏ ఆకుకి ఏ పద్ధతి అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. పగలు తగ్గి చలి పెరిగేసరికి ఆకులోని పత్రహరితం విరిగిపోతుంది. దాని కింద మొదటినుంచీ ఉన్న పసుపు, నారింజ రంగులు (కెరోటినాయిడ్లు) అప్పుడు బయటపడతాయి. ఎరుపు మాత్రం అలా దాగి ఉన్నది కాదు, ఆకులో మిగిలిన చక్కెరలనుంచి అప్పటికప్పుడు తయారయ్యే ఆంథోసయనిన్. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉన్న ఏడాది ఎరుపు బాగా తేలేది అందుకే. ఇదంతా జరుగుతున్నప్పుడే కాడ మొదట్లో ఒక పొర ఏర్పడి కొమ్మకీ ఆకుకీ మధ్య దారి మూసేస్తుంది. అంటే పూర్తిగా పండిన ఆకు ఇక నీళ్ళు తాగదు. ఇది గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఏరేటప్పుడు వర్షం వెలిసిన వెంటనే వెళ్ళకండి, పొడిగా ఉన్న రోజు మధ్యాహ్నం వెళ్ళండి. నల్లమచ్చలు, బూజు, పురుగు తిన్న చిల్లులు ఉన్నవి వదిలేయండి. వంచితే విరిగేది అప్పటికే ఎండిపోయింది, దాన్నీ వదిలేయండి. వంగేదే కావాలి.

*అన్నిటికంటే తేలిక, పుస్తకంలో నొక్కడం.* ఆకులు ఒకదాని మీద ఒకటి పడకుండా పాత పేపర్ల మధ్య పరిచి, పైన బరువైన పుస్తకాలు పేర్చి వారం నుంచి రెండు వారాలు వదిలేయండి. మొదటి మూడు రోజులూ పేపర్లు మారుస్తూ ఉండండి, చెమ్మంతా వాటికి పట్టేది అప్పుడే, మార్చకపోతే ఆకు నల్లబడుతుంది. ఇలా ఆరిన ఆకు చదునుగా, పెళుసుగా ఉంటుంది, ఫ్రేములో పెట్టడానికో అద్దానికి అతికించడానికో బాగుంటుంది.

*ఇస్త్రీ పద్ధతి.* రెండు మైనం కాగితాల మధ్య ఆకు పెట్టి, పైన పల్చటి గుడ్డ వేసి, ఆవిరి ఆపేసి, తక్కువ వేడి మీద రెండు మూడు నిమిషాలు అదమండి, తిప్పి మళ్ళీ అదమండి. కాగితం మీది మైనం ఆకుకి పడుతుంది. బేకింగ్ పేపర్‌తో ఇది జరగదు, దాని మీద ఉండేది సిలికాన్ పూత. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, చాలామంది మోసపోయేది ఇక్కడే.

*తేనెమైనంలో ముంచడం.* ఎర్రటి ఆకుల రంగు నిలవాలంటే నా ఓటు దీనికే. ఒక గిన్నెలో నీళ్ళు మరిగించి, అందులో ఇంకో గిన్నె పెట్టి మైనం కరిగించండి, నేరుగా మంట మీద మాత్రం ఎప్పుడూ వద్దు, మైనం అంటుకుంటుంది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, అంతకంటే మరీ వేడెక్కితే ఆకు ఉడికి మాడుతుంది కాబట్టి కరగగానే మంట తగ్గించేయండి. ఒక రోజు పేపర్లలో ఆరిన ఆకుని కాడ పట్టుకుని ముంచి, రెండు సెకన్లలో పైకి తీసి, చివర వేలాడే చుక్క రాలేదాకా ఆగి, బేకింగ్ పేపర్ మీద పెట్టండి. మైనం గడ్డకడుతున్నప్పుడు చూడండి, మెరుపు నెమ్మదిగా తగ్గి ఆకు మీద పల్చటి మంచు పట్టినట్టు అవుతుంది. ముంచిన ఆకులు కొన్ని వారాలపాటు రంగూ ఆకారమూ నిలబెట్టుకుంటాయి. ఎండ తగిలే చోట పెడితే మాత్రం ఏ ఆకైనా వెలిసిపోతుంది.

*గ్లిజరిన్.* కాస్త ఓపిక ఉంటే ఇది నేర్చుకోండి. ఒక వంతు గ్లిజరిన్‌కి రెండు వంతుల నీళ్ళు. విడి ఆకులైతే వెడల్పాటి పళ్ళెంలో ఈ నీళ్ళు పోసి, ఆకులు పరిచి, తేలకుండా మీద ఇంకో పళ్ళెం బోర్లించి మూడు నుంచి ఆరు రోజులు ఉంచండి. తీసి మెత్తటి గుడ్డతో తుడిస్తే ఆకు చేతికి పల్చటి తోలులా తగులుతుంది, నాలుగు మడతలు పెట్టినా విరగదు. ఆకులోని నీరు పోయిన చోట గ్లిజరిన్ నిలబడుతుంది, మెత్తదనం అందుకే. రంగు మాత్రం ఒక మెట్టు ముదురుతుంది, అది ఆపలేం.

కొమ్మ మొత్తం నిలవ చేయాలంటే, అది ఇంకా నీళ్ళు తాగుతున్నప్పుడే కోయాలి. ఇందాక చెప్పిన పొర ఏర్పడకముందే అన్నమాట. ఆకులు పూర్తిగా ఎర్రబడ్డాక కోసుకొచ్చి గ్లిజరిన్‌లో నిలబెడితే నీళ్ళు అలాగే ఉంటాయి, ఆకులు రాలిపోతాయి, నెల తర్వాత చేతిలో ఉత్త పుల్ల మిగులుతుంది. కాబట్టి రంగు అప్పుడప్పుడే మొదలవుతున్న కొమ్మ చూసుకోండి, కింది 5 సెంటీమీటర్లు నిలువునా చీల్చండి, గోరువెచ్చని గ్లిజరిన్ నీళ్ళు 8 నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తున పోసి, నీడలో రెండు మూడు వారాలు నిలబెట్టండి. ఓక్, బీచ్, మాగ్నోలియా, యూకలిప్టస్‌లాంటి గట్టి ఆకులు దీనికి బాగా లొంగుతాయి. గాలిలో తేమ ఎక్కువున్న ఇంట్లో గ్లిజరిన్ ఆకులు చెమట పట్టినట్టు తడి వదులుతాయి, అందుకని వాటిని నేరుగా బట్ట మీద పెట్టకండి, మరక పడుతుంది.

4. కాయలు, గింజలు, గడ్డి

పైన్ కాయలు ఏరుకొచ్చి నేరుగా గిన్నెలో పోయకండి. వాటి రేకుల మధ్య పురుగులుంటాయి, జిగురుంటుంది. దులిపి, ట్రేలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, ఓవెన్‌లో సుమారు 95 డిగ్రీల మీద అరగంట నుంచి గంట ఉంచండి. వంటింట్లోంచి కదలొద్దు, అది చెక్కే కదా, జిగురు కూడా అంటుకునే సరుకే. కాసేపటికి లోపల్నుంచి చిటపటమని చిన్న చప్పుడు మొదలవుతుంది, మూసుకుని ఉన్న రేకులు ఒక్కొక్కటిగా విచ్చుకునే చప్పుడది. ఇల్లంతా అడవి వాసన కమ్ముకుంటుంది. జిగురు కరిగి రేకుల మీద పల్చగా పాకి మెరుపునిస్తుంది, చల్లారేదాకా ముట్టుకోవద్దు. పైన్ కాయ తడిస్తే మళ్ళీ మూసుకుపోతుంది, పొడిబారితే విచ్చుకుంటుంది, కాబట్టి వాన జల్లు పడే చోట పెట్టినవి మూసుకుని కనిపిస్తే పాడయ్యాయని పారేయకండి.

ఓక్ గింజలకీ ఇదే వైద్యం, కాకపోతే ముందు చిన్న చిల్లు ఉన్నవన్నీ ఏరి పారేయండి. ఆ చిల్లు లోపలి పురుగు బయటికి వచ్చిన దారి. ఎండాక గింజ కుంచించుకుని టోపీ ఊడుతుంది, జిగురు చుక్క వేసి అతికించేయండి.

గడ్డి వెన్నులు పూర్తిగా విచ్చుకోకముందే కోసి, చిన్న కట్టలుగా కట్టి, వెలుతురు తక్కువ ఉండి గాలి ఆడే చోట తలకిందులుగా వేలాడదీయండి. రెండు మూడు వారాలు పడుతుంది. నూగు రాలుతుంటే హెయిర్ స్ప్రే ఒకసారి పల్చగా కొట్టండి. హైడ్రేంజియా పూలైతే చెట్టు మీదే రేకులు కాగితంలా అయ్యేదాకా ఆగి కోయండి, తొందరపడి కోస్తే తల వేలాడేస్తాయి. జాడీలో రెండు మూడు సెంటీమీటర్ల నీళ్ళు పోసి వదిలేస్తే, ఆ నీళ్ళు ఇగిరేలోపు అవే ఆరిపోతాయి.

పిల్లలో, కుక్కో పిల్లో ఉన్న ఇల్లైతే ఒక్క మాట. ఎర్రగా ముద్దొచ్చే కాయలన్నీ మంచివి కావు. ఎర్రటి చిన్న కాయలు కాసే యూ అనే చెట్టు ఆకు, గింజ విషం. గురివింద గింజలు నమిలి మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఓక్ గింజలు కుక్కలకి పడవు. పేరు తెలియని కాయని ఎంత అందంగా ఉన్నా లోపలికి తేవద్దు.

5. గుమ్మడికాయలు

ఈ కాలానికి గుమ్మడికాయంత నిండుదనం ఇచ్చేది ఇంకోటి లేదు, పాడైతే అంత నష్టం చేసేదీ ఇంకోటి లేదు. ముచ్చిక గట్టిగా, కనీసం 5 సెంటీమీటర్లు ఉన్న కాయ తీసుకోండి. ముచ్చిక పట్టుకుని ఎత్తకండి, అది విరిగిన చోటే కుళ్ళు మొదలవుతుంది. గోరుతో నొక్కితే తొక్క గట్టిగా ఉండాలి. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. కోయని కాయ 10 నుంచి 15 డిగ్రీల చల్లటి పొడి చోట రెండు మూడు నెలలు ఉంటుంది, వెచ్చటి గదిలో అంతకంటే తక్కువ. యాపిల్ పండ్లతో కలిపి ఒకే బుట్టలో పెట్టడం ఫొటోల్లో బాగుంటుంది గానీ, పండ్లనుంచి వచ్చే ఎథిలీన్ వాయువు కాయని తొందరగా పాడు చేస్తుంది. బయట పెట్టినవి మంచు పడే రాత్రి లోపలికి తెచ్చేయండి, ఒకసారి గడ్డకట్టి కరిగిందంటే మెత్తబడిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, చెక్క మీద నేరుగా పెట్టకండి. మా ఇంట్లో ఒక కాయ పైకి నిగనిగలాడుతూనే ఉంది, ఒకరోజు పక్కకి జరపబోతే చెయ్యి లోపలికి దిగింది. అడుగంతా నీరై చెక్కలోకి ఇంకిపోయింది. ఉప్పుకాగితంతో ఎంత రుద్దినా ఆ గుండ్రటి నల్లమచ్చ ఇప్పటికీ అలాగే ఉంది. కింద ఒక పళ్ళెం గానీ కార్క్ ముక్క గానీ పెట్టి, వారానికోసారి కాయ ఎత్తి అడుగు నొక్కి చూడండి. ఇరవై సెకన్ల పని.

చెక్కిన కాయ మాత్రం ఎక్కువ రోజులు ఉండదు, మూడు రోజుల నుంచి వారం లోపు. కాబట్టి ఎవరైనా వచ్చే ముందు రోజు చెక్కండి, లోపల గుజ్జంతా గీకి తీసేయండి, కొవ్వొత్తి బదులు బ్యాటరీ దీపం పెట్టండి.

6. వెలుతురు మార్చండి

ఇన్ని చేసి తెల్లటి ట్యూబ్‌లైటు కింద చూస్తే అన్నీ బూడిదరంగులో ఉంటాయి. బల్బు డబ్బా మీద కె అనే అక్షరంతో ఒక అంకె రాసి ఉంటుంది, అది కాంతి రంగు. 2700 గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నది తీసుకోండి. కొవ్వొత్తి వెలుతురు దాదాపు 1900 ఉంటుంది, పగటి వెలుతురులాంటి తెల్ల బల్బులు 5000 నుంచి 6500 దాకా ఉంటాయి. ఒక్క బల్బు మార్చి ముందూ తర్వాతా ఆ మూల చూడండి, నారింజరంగు దుప్పటి వెలిగినట్టు కనిపిస్తుంది. పైకప్పు లైటు ఆపేసి, కంటికంటే కిందుగా ఉండేలా రెండు మూడు చిన్న దీపాలు వేర్వేరు మూలల్లో పెట్టండి. వెలుతురు పక్కనుంచి పడితేనే గడ్డి వెన్నుల నూగు, పైన్ కాయల గరుకు కనిపిస్తాయి.

కొవ్వొత్తుల దగ్గర మొహమాటం లేకుండా చెప్తున్నాను. మనం ఇంతసేపూ చేసింది ఆకులు, గడ్డి, చెక్క ఎండబెట్టడం, అంటే ఇల్లంతా చితుకులు పేర్చినట్టే. మంటకి అన్ని వైపులా 30 సెంటీమీటర్ల దాకా అంటుకునేది ఏదీ ఉండకూడదు. వత్తి 6 మిల్లీమీటర్లకి కత్తిరించి వెలిగించండి, గదిలోంచి బయటికెళ్తే ఆర్పండి. ఆకుల మధ్య మెరుపు కావాలంటే ఎల్‌ఈడీ సీరియల్ లైట్లు వాడండి, వైరు తొడుగు ఊడినవి మాత్రం వద్దు.

7. ఇప్పుడు పేర్చండి

ఇక్కడిదాకా వచ్చాక పేర్చడం ఒక సాయంత్రం పని. ఇల్లంతా కొంచెం కొంచెం చల్లేయకండి, రెండు మూడు చోట్లు ఎంచుకుని అక్కడే నిండుగా పెట్టండి: గుమ్మం, భోజనాల బల్ల, మీరు రోజూ కూర్చునే మూల.

గుమ్మానికి రీత్ (తలుపుకి వేలాడదీసే తీగల వలయం) చేయాలంటే ద్రాక్ష తీగో విల్లో రెమ్మలో పచ్చిగా ఉన్నప్పుడే వలయంలా చుట్టండి. ఎండినవైతే కొన్ని గంటలు నీళ్ళలో నానబెడితే వంగుతాయి. చుట్టూ సమానంగా నింపకుండా కింద ఒక పక్కకి ఆకులూ కాయలూ గుత్తిగా కట్టి మిగతా తీగ అలాగే వదిలేస్తే నాకు నచ్చుతుంది. బల్ల మధ్యలో పెట్టేది 30 సెంటీమీటర్ల ఎత్తు దాటకూడదు, ఎదురుగా కూర్చున్నవాళ్ళ మొహం కనిపించాలి కదా. మూలకి మాత్రం ఎత్తు కావాలి. జాడీ ఎత్తుకి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉన్న కొమ్మలు మూడు చాలు, జాడీ అడుగున గులకరాళ్ళు పోయండి, లేకపోతే తలుపు గాలికే పడిపోతుంది. గిన్నెలో పోసేవాటిలో ఒకటి పెద్దది, మూడు నాలుగు మధ్యరకం, గుప్పెడు చిన్నవి ఉండేలా చూసుకోండి. అన్నీ ఒకే సైజువైతే అంగట్లో రాశి పోసినట్టుంటుంది.

పెట్టాక గది గుమ్మం దగ్గరికెళ్ళి నిలబడి చూడండి. కన్ను ఎక్కడా ఆగకుండా తిరుగుతుంటే ఏదో ఒకటి తీసేయండి.

8. తీసేటప్పుడు

వారానికోసారి దుమ్ము దులపండి, హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి దూరంనుంచి ఊదితే ఆకు విరగదు. కాలం అయిపోయాక రంగులూ మైనమూ తగలని ఆకుల్ని, గుమ్మడికాయల్ని కంపోస్టులో వేసేయండి. పైన్ కాయలు మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఏళ్ళ తరబడి ఉంటాయి. గ్లిజరిన్ ఆకుల్ని పేపర్ల మధ్య పరిచి అట్టపెట్టెలో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో కట్టొద్దు, చెమ్మ చేరి బూజు పడుతుంది. పెట్టె మీద ఏ చెట్టు ఆకో, ఏ నెలలో కోశారో రాసి ఉంచుకుంటే వచ్చే ఏడాది ఆ కొమ్మ ఎప్పుడు కోయాలో మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు.